నాన్న పేరున యూనివర్సిటీకి డబ్బు ఇస్తున్నారా? షరతులు ఎంత బిగించాలో చెబుతాను

గోల్డ్ మెడల్ అందుకున్న అమ్మాయి తండ్రి దాన్ని తిన్నగా కంసాలి దగ్గరకు తీసుకెళ్లాడు. కంసాలి గీటురాయి మీద ఒక్క గీత గీసి, "వెండి మీద పూత బాబూ" అన్నాడట. మర్నాడు పొద్దున్న పదిన్నరకల్లా ఆ తండ్రి యూనివర్సిటీలో, దాతలిచ్చిన నిధులు చూసే మా ఎండోమెంట్ సెక్షన్‌లో నా బల్ల ముందు నిలబడ్డాడు. అరిచి ఉంటే నాకు తేలిగ్గా ఉండేది. అరవలేదు. "మోసం అనను సార్. కానీ సర్టిఫికెట్ మీద గోల్డ్ అని ఉంది కదా" అన్నాడు, అంతే.

ఫైలు తీయించాను. 1988లో ఒక దాత ఇచ్చిన 25 వేల రూపాయల ఎండోమెంట్, అంటే అసలు కదపకుండా వడ్డీతో నడపాల్సిన నిధి. దాత రాసిచ్చిన పత్రంలో, అంటే డీడ్‌లో ఉన్న మాట: "ప్రతి సంవత్సరము అయిదు గ్రాముల మేలిమి బంగారు పతకము ఇయ్యవలెను." అప్పట్లో పది గ్రాముల బంగారం మూడు వేల పైచిలుకు. డిపాజిట్ మీద పది శాతం వడ్డీ వేసుకున్నా ఏటా రెండున్నర వేలు వచ్చేది. పతకం చేయించి, వెల్వెట్ డబ్బా కొన్నాక కూడా నాలుగు రూపాయలు మిగిలేవి. 2021 నాటికి ఆ అయిదు గ్రాముల బంగారమే పాతిక వేలకు దగ్గర పడింది. వడ్డీ చూస్తే పదమూడు వందల చిల్లర. ఉన్న అసలంతా తీసి ఖర్చుపెడితే ఒక్క పతకం వస్తుంది, ఆ మరుసటి ఏడాదికి ఎండోమెంటే ఉండదు. దాత కాలం చేశారు. పిల్లల చిరునామాకు రాసిన ఉత్తరాలు తిరిగొచ్చాయి. వడ్డీ చాలకపోతే ఏం చేయాలో డీడ్‌లో ఒక్క ముక్క లేదు. నేను ఆ సీట్లోకి రాకముందే ఎవరో నోట్ ఫైల్లో "బంగారు పూత పతకం" అని రాసి, పైన సంతకం పెట్టించుకుని, సమస్య తీర్చుకున్నారు.

పందొమ్మిదేళ్లు ఆ సెక్షన్‌లో ఇలాంటి డీడ్‌లు చదివి 2022లో రిటైరయ్యాను. మొన్న డాలస్ నుంచి మా మేనల్లుడు ఫోన్ చేశాడు. "మామయ్యా, నాన్న పేరున యూనివర్సిటీకి 20 లక్షలు ఇద్దామనుకుంటున్నా. డ్రాఫ్ట్ పంపాను, ఒకసారి చూస్తావా?" మా బావ కొవ్వూరులో డిగ్రీ కాలేజీ ఫిజిక్స్ లెక్చరర్‌గా చేసి పోయారు. డ్రాఫ్ట్ తెరిచాను. నాలుగు పేజీలు, పదకొండు షరతులు. తొమ్మిదోది, స్కాలర్‌షిప్ తీసుకునేవాడు సిగరెట్ తాగకూడదని.

ఆ డ్రాఫ్ట్‌ని పేజీన్నరకు ఎలా దించామో చెబుతాను. మీరూ ఇలాంటి ఆలోచనలో ఉంటే పనికొస్తుంది.

ముందు ఒక్క వాక్యం

షరతుల జోలికి వెళ్లకముందు, ఈ డబ్బు ఎందుకో ఒక్క వాక్యంలో రాయండి. ఎవరికి ఇవ్వాలో కాదు, ఎందుకో. ఈ తేడా చిన్నదిగా కనిపిస్తుంది కానీ మొత్తం డీడ్ దీని మీదే నిలబడుతుంది. మావాడు రాసింది: "బి.ఎస్సీ. ఎం.పి.సి. గ్రూపులో, తెలుగు మీడియంలో, పశ్చిమ గోదావరి జిల్లా నుంచి ప్రథమ స్థానం పొందిన విద్యార్థికి." ఇది ఎవరికి అన్నదానికి జవాబు. "ఒరేయ్, మీ నాన్న ఏం చూస్తే సంతోషపడేవాడు, అది చెప్పు" అన్నాను. కాసేపు ఆగి, "సాయంత్రం ఆరింటిదాకా ల్యాబ్‌లోనే ఉండేవాడు మామయ్యా. ప్రాక్టికల్స్ రాని పిల్లల్ని కూర్చోబెట్టుకుని చేయించేవాడు" అన్నాడు. అదిగో ఆ వాక్యం. చివరికి ఇలా కుదిరింది: "ఇంటి పరిస్థితి వల్ల చదువు ఆగిపోయే ప్రమాదమున్న ఫిజిక్స్ విద్యార్థులకు, ముఖ్యంగా ప్రయోగాల మీద ఆసక్తి ఉన్నవారికి, సాయపడడం ఈ నిధి ఉద్దేశం."

ఈ ఉద్దేశం దగ్గర మాత్రం బిగువు సడలనివ్వకండి. "విద్యాభివృద్ధికి" అని గాలికి వదిలేస్తే, నాలుగేళ్లలో అది ఏ కాన్ఫరెన్స్ హాలు ఏసీలకో పోతుంది. తప్పు పట్టడానికీ ఉండదు, అదీ విద్యాభివృద్ధే అంటారు. అమెరికాలో ప్రిన్స్‌టన్ యూనివర్సిటీ కథ ఇలాంటిదే. 1961లో రాబర్ట్‌సన్ దంపతులు మూడున్నర కోట్ల డాలర్ల విలువైన షేర్లు ఇచ్చారు, విద్యార్థుల్ని ప్రభుత్వ సేవకు, అందులోనూ అంతర్జాతీయ వ్యవహారాలకు తయారుచేయమని. ఆ నిధి పెరిగి పెద్దదయింది. ప్రభుత్వ ఉద్యోగాల్లోకి ఎంతమంది వెళ్తున్నారు, డబ్బు ఎటు వెళ్తోంది అని 2002లో ఆ దంపతుల పిల్లలు కోర్టుకెక్కారు. ఆరేళ్ల తర్వాత, 2008 డిసెంబర్లో రాజీ పడ్డారు. కుటుంబం వైపు లాయర్ ఖర్చుల కింద నాలుగు కోట్లు, కొత్త ఫౌండేషన్‌కు అయిదు కోట్ల డాలర్లు ఇవ్వాల్సి వచ్చింది. ఉద్దేశం ఉండడం ఒకటే సరిపోదు, అది నెరవేరుతోందని ఏటా దేన్ని చూసి చెప్పాలో కూడా రాసి ఉండాలి. మా డీడ్‌లో అందుకని ఒక లైను పెట్టాం: ప్రతి జూన్‌లో అసలు ఎంత, వడ్డీ ఎంత, ఎవరెవరికి ఎంత ఇచ్చారు, వాళ్లు ఏం చదువుతున్నారు అన్న నాలుగు అంశాలతో ఒక పేజీ నివేదిక.

చచ్చిపోయే షరతులు

ఇక షరతులు. ఇక్కడే దాతలంతా పొరబడతారు. ఈ రోజు రాయిలా కనిపించేవి రేపటికి ఉండవు.

మావాడి వాక్యమే ముక్కలుగా చూడండి. ఎం.పి.సి. గ్రూపు: ఆంధ్రప్రదేశ్ డిగ్రీ కాలేజీల్లో 2023-24 నుంచి ఒకే సబ్జెక్టు ప్రధానంగా చదివే సింగిల్ మేజర్ పద్ధతి వచ్చింది. మూడు సబ్జెక్టులకీ సమాన ప్రాధాన్యమున్న ఆ పాత గ్రూపు అప్పటి కొత్త విద్యార్థులకు లేకుండా పోయింది. తెలుగు మీడియం: 2021-22 నుంచి డిగ్రీ ఇంగ్లిష్ మీడియంలోనే అన్నారు. నాకు తెలిసి తెలుగు మీడియం బహుమతులు రెండు అలా అర్హులు లేక అటకెక్కాయి. ఇక పశ్చిమ గోదావరి జిల్లా. ఇది చదివి నాకు నవ్వాగలేదు. 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయినప్పుడు కొవ్వూరు తూర్పు గోదావరిలోకి వెళ్లింది. అంటే మా బావ జీవితమంతా పాఠం చెప్పిన ఊరి పిల్లలకే మా బావ స్కాలర్‌షిప్ రాదు! తెలంగాణలోనూ అంతే, 2016లో పది జిల్లాలు 31 అయ్యాయి, తర్వాత 33. "వరంగల్ జిల్లా వాసి" అని ఎప్పుడో రాసిన డీడ్ పట్టుకుని ఇవాళ ఆ గుమస్తా ఏం చేయాలి?

కాలేజీలు కూడా చేతులు మారతాయి. 2006లో రాజమహేంద్రవరంలో నన్నయ విశ్వవిద్యాలయం, 2008లో శ్రీకాకుళంలో అంబేద్కర్ విశ్వవిద్యాలయం వచ్చాక ఎన్నో అనుబంధ కాలేజీలు అటు మారాయి. "మన అనుబంధ కాలేజీల్లో గోదావరి జిల్లాల నుంచి మొదటి ర్యాంకు" అని ఉన్న మెడల్‌కు పోటీ పడేవాళ్లే లేకుండా పోయారు.

"జిల్లా వద్దులే మామయ్యా, కొవ్వూరు నుంచి 50 కిలోమీటర్లు అని పెడదాం" అన్నాడు. ఊళ్లు కదలవు కాబట్టి జిల్లా కంటే నయమే. కానీ రోడ్డు మీద కొలవాలా, తిన్నగా గీత గీసి కొలవాలా? ఊరు అంటే పుట్టిందా, ఉంటున్నదా? చివరికి "పదో తరగతి చదివిన బడి" అన్నాం. టెన్త్ మెమో మీద బడి పేరు ఉంటుంది, ఎవరూ సర్టిఫికెట్ కోసం తహసీల్దారు ఆఫీసు చుట్టూ తిరగక్కర్లేదు. షరతు ఏదైనా, దాన్ని సెక్షన్‌లో ఒక గుమస్తా ఒక్క కాగితం చూసి తేల్చగలగాలి. సిగరెట్ షరతును నేను కొట్టేసింది నైతిక కారణాలతో కాదు. దాన్ని చూసే కాగితం లేదు.

విదేశాల్లోనూ ఇంతే అనడానికి పాత ఉదాహరణ బెంజమిన్ ఫ్రాంక్లిన్ వీలునామా. 1790లో పోతూ బోస్టన్‌కు, ఫిలడెల్ఫియాకు చెరో వెయ్యి పౌన్లు రాశాడు. పని నేర్చుకుని బయటికొచ్చిన, 25 ఏళ్ల లోపు, పెళ్లయిన చేతిపనివాళ్లకు అప్పులివ్వాలి, ఇద్దరు జామీను ఉండాలి, అయిదు శాతం వడ్డీ. అంత తెలివైనవాడు కూడా ఫ్యాక్టరీలు వస్తాయని, గురువు దగ్గర ఏళ్ల తరబడి పని నేర్చుకునే పద్ధతే పోతుందని ఊహించలేదు. అప్పు అడిగేవాళ్లు తగ్గిపోయారు. అయినా నిధి మట్టిలో కలవలేదు. ఎందుకంటే ఆయన 200 ఏళ్ల గడువు పెట్టి, ఆ తర్వాత ఎవరికి చెందాలో కూడా రాశాడు. 1990లో గడువు తీరేనాటికి బోస్టన్‌లో 45 లక్షల డాలర్ల పైన, ఫిలడెల్ఫియాలో 20 లక్షల డాలర్ల పైన ఉంది. షరతు తప్పింది, గడువు కాపాడింది.

దీనికి నేను చెప్పే మందు ఒకటే: షరతుని ప్రాధాన్యంగా మార్చి మెట్లుగా రాయండి. మా డీడ్‌లో ఇలా ఉంది:

"మొదటి ప్రాధాన్యం: కొవ్వూరు పట్టణంలోని బడిలో గానీ చుట్టుపక్కల బడుల్లో గానీ పదో తరగతి చదివి, విశ్వవిద్యాలయంలో ఫిజిక్స్ ప్రధానాంశంగా చదువుతున్నవారు. అటువంటివారు లేని సంవత్సరంలో, ఫిజిక్స్ చదువుతున్న ఇతర అర్హులు. వారూ లేకపోతే, భౌతిక శాస్త్రానికి దగ్గరి ఏ విజ్ఞాన శాస్త్ర విద్యార్థి అయినా."

"చుట్టుపక్కల" అంటే ఎంత దూరం అని మావాడు అడిగాడు. షరతయితే కొలవాలి. ప్రాధాన్యం కాబట్టి కమిటీకి వదిలేయొచ్చు, కొంచెం అటూ ఇటూ అయినా నిధి ఆగిపోదు.

విషయం వెడల్పు ఎంత ఉండాలో తెలియకపోతే, అట్లాంటాలోని ఎమరీ యూనివర్సిటీలో కొప్పాక కుటుంబం పేరున ఉన్న ప్రొఫెసర్ పదవి చూడండి. "తెలుగు సంస్కృతి, సాహిత్యం, చరిత్ర" అని ఉంది. తెలుగు అన్న మాట గట్టిగా కట్టేసింది, మిగతా మూడూ చోటిచ్చాయి. అదే ఏ "ప్రబంధ సాహిత్యం" అనో రాసుకుంటే, ఒక ప్రొఫెసర్ రిటైరైన రోజున రెండో మనిషి కోసం ఏళ్లు వెతకాలి.

అంకెలు

రూపాయల్లో ఏదీ రాయకండి. గ్రాముల్లో అసలే రాయకండి.

"ఇద్దరికి చెరో 50 వేలు" అని మావాడు రాశాడు. 20 లక్షలకు ఆరున్నర శాతం చొప్పున లక్షా 30 వేలు వస్తుంది, సరిపోతుంది కదా అని వాదించాడు. 1988 దాతకూ సరిపోయింది. మేం రాసింది: ఏటా వచ్చే వడ్డీలో మూడు వంతులు ఖర్చు, ఒక వంతు అసలుకు జమ. అంటే ఈ లెక్కన 97,500 పంపకానికి, 32,500 అసలుకు. ఎంతమందికి పంచాలన్నది కమిటీ ఇష్టం. ధరలు పెరిగే వేగంతో అసలు పెరగకపోవచ్చు, కానీ ఉన్నచోటే ఎండిపోదు.

ఆదాయ పరిమితి కూడా అంతే. "కుటుంబ ఆదాయం 24 వేలు మించరాదు" అని ఉన్న డీడ్ ఒకటి నా హయాంలో ఉండేది. అంత తక్కువ సర్టిఫికెట్ తెచ్చేవాళ్లు లేక నాలుగేళ్లు వడ్డీ పోగుపడింది. "ఆ సంవత్సరం ప్రభుత్వ ఫీజు స్కాలర్‌షిప్‌కు వర్తించే ఆదాయ పరిమితి" అని రాస్తే చాలు, ప్రభుత్వం మార్చినప్పుడల్లా మీదీ మారుతుంది.

మెడల్ తప్పదంటే, "వడ్డీకి లోబడి, విశ్వవిద్యాలయం నిర్ణయించిన లోహంతో" అనండి. చదువుకునే పిల్లకు పతకం కంటే నగదు మేలని నా అభిప్రాయం. కానీ స్టేజీ మీద ఫొటో కావాలనే దాతల్ని నేను తప్పు పట్టను, ఆ ఫొటో కోసమే కదా చాలా డబ్బు వచ్చింది.

ఎంపికలో కుటుంబం

కమిటీలో మా ఇంటివాళ్లు ఒకరుండాలి, వాళ్ల సంతకం లేకుండా ఇవ్వకూడదు అని చాలామంది అడుగుతారు. కూర్చోవడానికి అభ్యంతరం లేదు. సంతకం తప్పనిసరి అనడం మాత్రం వద్దు. ఒక ఎండోమెంట్‌లో అన్నదమ్ములు ఆస్తి గొడవల్లో పడి, కమిటీలో ఉన్నాయన మూడేళ్లు సంతకం పెట్టలేదు. ఆ స్కాలర్‌షిప్ రావాల్సిన పిల్లలు డిగ్రీ పూర్తిచేసుకుని వెళ్లిపోయారు. పెద్ద చోట్ల కూడా ఇది చెడుతుంది. 1991లో లీ బాస్ అనే పూర్వ విద్యార్థి పాశ్చాత్య నాగరికత పాఠాల కోసం యేల్ యూనివర్సిటీకి రెండు కోట్ల డాలర్లు ఇచ్చాడు. పని సాగలేదు. ఆ పాఠాలు చెప్పేవాళ్ల నియామకంలో తన ఆమోదం ఉండాలన్నాడు. కుదరదని 1995లో యేల్ డబ్బు వెనక్కి ఇచ్చేసింది. ఇద్దరిలో ఎవరిది తప్పన్నది వేరే సంగతి, అది సంతకం పెట్టే రోజునే తేల్చుకోవాల్సింది.

కులం సంగతీ చెప్పాలి, ఎందుకంటే అడగనివాళ్లు తక్కువ. "మావాళ్ల పిల్లలకే" అని గుసగుసగా అడుగుతారు. ప్రభుత్వ యూనివర్సిటీ చేత అలాంటి కాగితం మీద సంతకం పెట్టించకండి, కులాన్ని బట్టి వివక్ష కూడదనే రాజ్యాంగం 15వ అధికరణం ముందు అది నిలవడం కష్టం. అమెరికాలో స్టీఫెన్ గిరార్డ్ అనే ధనికుడు 1831లో పోతూ ఫిలడెల్ఫియాలో పేద తెల్ల మగ అనాథల కోసమే బడి పెట్టమని రాశాడు. 1957లో అక్కడి సుప్రీంకోర్టు దాకా వెళ్లి, 1968లో నల్ల పిల్లలు చేరేవరకూ ఆ ఒక్క మాట మీద కొట్లాటే. మీవాళ్ల పిల్లల కోసం మీ సంఘం హాస్టల్ ఉంది, అక్కడ ఇచ్చుకోండి.

ఇక సాధ్యం కానప్పుడు

డీడ్ మొత్తంలో ఒక్క పేరానే జాగ్రత్తగా రాయగలిగితే, ఇది రాయండి. మాది:

"పై ఉద్దేశాన్ని నెరవేర్చడం ఆచరణలో సాధ్యం కాదని పాలకమండలి కారణాలతో తీర్మానిస్తే, దాత జీవించి ఉన్నంతకాలం ఆయన రాతపూర్వక అంగీకారంతో, ఆ తర్వాత ఆయన సూచించిన వ్యక్తికి 90 రోజుల నోటీసు ఇచ్చి, ఈ ఉద్దేశానికి వీలైనంత దగ్గరి ఉపయోగానికి నిధిని మార్చవచ్చు. జవాబు రాకపోతే అంగీకరించినట్లు భావించవచ్చు. నిధి పేరు మారదు."

"జవాబు రాకపోతే" అన్న వాక్యం మావాడికి నచ్చలేదు. తిరిగొచ్చిన ఉత్తరాల కట్ట గురించి చెప్పాక ఒప్పుకున్నాడు. "సాధ్యం కాదని" అనడం కూడా కావాలనే. "అవసరం లేదని" అని రాస్తే ఎప్పుడు కావాలంటే అప్పుడు మార్చేస్తారు.

ఈ పేరా లేకపోతే ఏమవుతుంది? పబ్లిక్ ట్రస్టుగా ఉన్న నిధి ఉద్దేశం మార్చాలంటే మన దగ్గర సివిల్ ప్రొసీజర్ కోడ్ 92వ సెక్షన్ కింద కోర్టుకు వెళ్లాలి. పాతిక వేల మెడల్ కోసం ఎవరు వెళ్తారు? అమెరికాలో 2006 నాటి నమూనా చట్టం చిన్న నిధులకు దారి చూపింది. 20 ఏళ్లు దాటి, 25 వేల డాలర్ల లోపు ఉన్నదైతే, అటార్నీ జనరల్‌కు తెలియజేసి 60 రోజులు ఆగి, సంస్థే మార్చుకోవచ్చు. అంకెలు రాష్ట్రాన్ని బట్టి మారతాయి. మనకు అంత తేలిక దారి లేదు కాబట్టి ఆ దారి మీ డీడ్‌లోనే వేసిపెట్టండి.

శాశ్వతంగా ఉండాలన్న పట్టుదల లేకపోతే, 25 ఏళ్లలో అసలుతో సహా ఖర్చు పెట్టేయమనడం కూడా మంచి పద్ధతే. మావాడు వినలేదు. నాన్న పేరు ఎప్పటికీ ఉండాలన్నాడు. సరే.

డబ్బు పంపేముందు

మావాడు అమెరికా పౌరుడు. భారత సంతతి విదేశీ పౌరులకిచ్చే ఓసీఐ కార్డు ఉన్నా అతని డబ్బు చట్టం దృష్టిలో విదేశీ విరాళమే. ఇండియన్ పాస్‌పోర్టు ఉన్న ఎన్నారై తన సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే అలా లెక్క కాదు. యూనివర్సిటీకి విదేశీ విరాళం తీసుకునే అనుమతి గానీ మినహాయింపు గానీ ఉందా, ఏ ఖాతాకు పంపాలి అన్నది ముందే ఫైనాన్స్ ఆఫీసర్ దగ్గర రాతపూర్వకంగా తీసుకోండి. పంపాక అడిగితే రెండు వైపులా టెన్షన్.

డీడ్‌లోనూ రసీదులోనూ "కార్పస్", అంటే ముట్టుకోకుండా ఉంచాల్సిన అసలు, అన్న మాట పడాలి. లేకపోతే ఆ ఏడాది మామూలు విరాళంలా ఖర్చయిపోయే వీలుంది. డిపాజిట్ వేరే పేరున ఉండాలి, నలభై ఎండోమెంట్లు కలిపి ఒకే ఎఫ్‌డీలో వేస్తే ఎవరి వడ్డీ ఎంతో తేల్చడానికి నాకు ఒక వేసవి సెలవంతా పట్టింది. ఇక డీడ్ కాపీలు రిజిస్ట్రార్ ఆఫీసు, ఫైనాన్స్, ఆ డిపార్ట్‌మెంట్, మీ ఇల్లు, నాలుగు చోట్లా ఉండాలి. డిపార్ట్‌మెంట్‌లో ఉన్నదే చివరికి దొరుకుతుంది, నా అనుభవం అది.

పదకొండులో ఒక్క షరతు మాత్రం మావాడు వదల్లేదు. స్కాలర్‌షిప్ అందుకున్న విద్యార్థి మా అక్కకు ఒక ఉత్తరం రాయాలి. "రాయవలెను" తీసేసి, "రాస్తే కుటుంబం సంతోషిస్తుంది" అని మార్చాను. కింద చిరునామా ఇచ్చాం.

పేజీన్నర డ్రాఫ్ట్ ప్రింటు తీసుకుని కొవ్వూరు వెళ్లి అక్క చేతిలో పెట్టాను. కళ్లజోడు పెట్టుకుని నెమ్మదిగా, వేలు పెట్టి మొత్తం చదివింది. "అంతా బాగానే ఉంది గానీ, మీ బావ ఇంటిపేరులో దీర్ఘం పడలేదురా" అంది. నేను నాలుగుసార్లు చదివాను, నాకు కనిపించలేదు.